వంత ఎవరిది? – 2023 నాటి తెలుగు పాటపై ఒక పరిశీలన

ఒక సంవత్సరంలో వచ్చిన పాటలను గురించి రాసేవారు సాధారణంగా రెండు దారుల్లో పోతారు. ఏ పాటను ఎంతమంది విన్నారు, దేనికి ఏ బహుమతి వచ్చింది అని లెక్క రాసి తృప్తిపడేవారు కొందరు. వెనకటి పాట ఏదీ, ఆ సాహిత్యం ఏదీ అని నిట్టూర్చేవారు మరికొందరు. మొదటిది వ్యాపారి చిట్టా, రెండోది ముసలితనపు వైరాగ్యం. రెండింటిలోనూ విమర్శ లేదు. పాట ఎవరి బతుకులోనుంచి పుట్టింది, ఎవరి నోటికి ఎక్కింది, విన్నవారు దాన్ని అందుకొని తమదిగా చేసుకోగలిగారా లేదా అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుందని నేననుకుంటాను.

ఈ ప్రశ్నను 2023వ సంవత్సరానికి వేసి చూడడానికి తగిన కారణం వుంది. తెలుగు పాటకు అంతకు ముందెన్నడూ దక్కని గౌరవం ఆ ఏడాది దక్కింది. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. అదే మార్చిలో ‘బలగం’ విడుదలై, పల్లె జనం పంచాయతీల ముందర తెరలు కట్టుకొని చూసేటంతటి ఆదరణ పొందింది. జూన్ 29న ఉద్యమ వేదికల మీద పెరిగిన యువగాయకుడు సాయిచంద్ మరణించాడు. ఆగస్టు 6న గద్దర్ వెళ్లిపోయాడు. ఆ నెలలోనే ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో గీతరచనకూ, సంగీతానికీ, పురుష గాత్రానికీ బహుమతులు తెలుగు పాటలకే వచ్చాయి. సెప్టెంబరులో కాళోజీ పేరిట ప్రభుత్వం ఇచ్చే పురస్కారాన్ని ప్రజాకవి, గాయకుడు జయరాజ్ అందుకున్నాడు. సంవత్సరం చివరన శాసనసభ ఎన్నికలు వచ్చాయి. పార్టీలన్నీ పాట మీదెక్కి ఊరేగాయి.

ఇన్ని సంఘటనల్లో మా వరంగల్లు ప్రాంతం పేరు పదేపదే వినబడుతుంది. ‘నాటు నాటు’ రాసిన శ్రీ చంద్రబోస్‌ది ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో వున్న చల్లగరిగ. ‘బలగం’ గీతరచయిత శ్రీ కాసర్ల శ్యామ్‌ది హనుమకొండ. ఆ చిత్రం చివర కథ పాడి జనాన్ని కంటతడి పెట్టించిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులది దుగ్గొండి. జయరాజ్‌ది మహబూబాబాద్ ప్రాంతం. కాబట్టి ఇక్కడి కళాశాలలో తెలుగు పాఠం చెప్పే నాబోటివాడికి ఈ ఏడాదిని గురించి గర్వపడే హక్కు వుంది. అయితే గర్వం వున్నచోట పరీక్ష గూడా వుండాలి.

ఆ పరీక్షకు నేను తీసుకునే కొలత వంత.

వంత అనే మాట నేడు పత్రికల్లో ఒక తిట్టు. నాయకుడి మాటకు తలవూపేవాణ్ణి వంత పాడేవాడంటాం. కాని పల్లె పాటలో వంతకు ఈ నీచార్థం లేదు. ముందు పాడే మనిషి ఒక చరణం అందుకుంటే, వెనక నలుగురు దాన్ని పల్లవితో ఎత్తుకుంటారు. ముందరి గొంతు అలసినప్పుడు వెనకవారిలో ఒకరు ముందుకు వస్తారు. నిన్న వంత పాడినామె రేపు పాట కడుతుంది. ఆనాటి కూలి ధర, ఆ ఇంటి పెళ్లి, ఆ ఊరి దొర చేసిన అన్యాయం కొత్త చరణాలై అందులో చేరతాయి. జానపద గేయానికి కర్త లేడని మనం పాఠ్యపుస్తకాల్లో రాసుకున్న వాక్యానికి అసలు అర్థం ఇదే. కర్తలు లేరని కాదు, కర్తలు చాలామంది అని. ఈ జిల్లావాడే అయిన ఆచార్య బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. పండితులు పక్కకు నెట్టిన పాటకు విశ్వవిద్యాలయంలో పీట వేసింది ఆ కృషి. అంతకు ఏడువందల ఏళ్ల ముందే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తన కాలపు జనం పాడుకునే తుమ్మెద పదాలను, ప్రభాత పదాలను, వెన్నెల పదాలను పేరు పెట్టి తలచుకున్నాడు. పాటను గౌరవించడం ఈ నేలకు కొత్తగాదు.

ఇక ఈ కొలతతో పాటలను చూద్దాం.

‘నాటు నాటు’ను గురించి మన సాహిత్యపరులు రెండు రకాలుగా మాట్లాడారు. ప్రపంచం మెచ్చింది గనుక గొప్ప పాట అన్నారు కొందరు. అందులో సాహిత్యమేముంది, ఉపమానాల జాబితా తప్ప అన్నారు ఇంకొందరు. ఈ రెండో వాదం సరైంది కాదని నా అభిప్రాయం. నాటు అనే మాటను మనం ఎట్లా వాడుతూ వచ్చామో గుర్తు చేసుకోండి. నాటు మనిషి, నాటు మాట, నాటు వైద్యం. పట్నం నాగరికత పల్లెను చూసి ముక్కు చిట్లించిన ప్రతిచోటా ఈ మాట వుంది. చంద్రబోస్ ఆ మాటనే తీసుకొని, పొలంగట్టు దుమ్ములో దూకే గిత్తను, గ్రామదేవత జాతరను, కర్రసామును, జొన్నరొట్టెలో మిరపతొక్కును దానికి సాక్ష్యంగా నిలబెట్టాడు. తిట్టును బిరుదుగా మార్చడం చిన్న పని కాదు. చిత్రంలో ఆ పాట వచ్చే సందర్భం గూడా దీనికి బలమిచ్చింది. దొరల విందులో ఒక ఇంగ్లీషువాడు మీకు నాట్యమేం తెలుసునని వెక్కిరిస్తే దానికి జవాబుగా పుట్టిన పాట అది. శ్రీ కీరవాణి కట్టిన బాణీ, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గొంతులు, ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులు ఆ జవాబుకు కాళ్లూ చేతులూ ఇచ్చాయి.

అయితే ఇక్కడే ఒక చిక్కు వుంది. ఈ పాటలో పల్లె రుచి వుంది, పల్లె శ్రమ లేదు. గిత్త వుంది గాని దాన్ని అరకకు కట్టి దున్నిన చెయ్యి కనబడదు. రొట్టె వుంది గాని ఆ జొన్న ఎవరి చేనిదో, కోసిన కూలికి ఎన్ని గింజలు దక్కాయో పాటకు పట్టదు. ఆటపాటకు ఇంత బరువు ఎత్తవచ్చునా అని అడగవచ్చు. అన్ని పాటలూ ఎత్తనక్కర లేదు. కాని చిత్రంలోని కథానాయకుల్లో ఒకడు కొమురం భీం పేరు పెట్టుకున్నవాడు. అసలు కొమురం భీం నిజాం అటవీ శాసనాల మీద తిరగబడి, గోండుల భూమి కోసం పోరాడి, 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలిచ్చినవాడు. ఆ పేరును తెచ్చుకున్నాక ఆ నేలను, ఆ తగాదాను గూడా తెచ్చుకోవాలని ఆశించడం అత్యాశ కాదు. అదే చిత్రంలో భీముడు కొరడాదెబ్బలు తింటూ పాడే పాటను శ్రీ సుద్దాల అశోక్ తేజ రాశారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పాటను ఆయుధం చేసిన సుద్దాల హనుమంతు కుమారుడాయన. ఆ పాట పాడినందుకు కాలభైరవకు జాతీయ పురస్కారం వచ్చింది. అందులో నొప్పి వుంది, పౌరుషం వుంది. కాని దెబ్బలు తినేవాడొకడు, చూసేవారు వేలమంది. ఆ వేలమంది చివరకు తిరగబడతారు గాని, పాటను మాత్రం అందుకోరు.

‘నాటు నాటు’కు వంత లేదని ఎట్లా అంటావు, ప్రపంచమంతా దానికి అడుగులు వేసింది గదా అని ఒక విద్యార్థి నన్ను తరగతిలో అడిగాడు. మంచి ప్రశ్న. ఏ దేశపు పిల్లలో భాష తెలియకుండానే ఆ పాటకు ఎగరడం నేనూ చూశాను, సంతోషించాను. కాని అనుకరణ వేరు, అందుకోవడం వేరు. ఆ అడుగును ఎంత ఖచ్చితంగా తిరిగి వేస్తే అంత మెప్పు. ఒక్క అడుగు మార్చినా అది ఆ పాట కాకుండా పోతుంది. పల్లెలో కోలాటం వేసేవాడు ఏడాదికొక కొత్త కోపు కలుపుతాడు. కలపకపోతే వాణ్ణి మంచి ఆటగాడనరు. పైగా ఆస్కార్ వేదిక మీద పాట పాడింది మనవాళ్లే అయినా, ఆడిన ముఖ్య నర్తకుల్లో దక్షిణాసియావారు లేరని అమెరికాలోని ఆ ప్రాంతపు కళాకారులే బాధపడ్డారు. పాటను పిలిచిన వేదిక పాట తాలూకు కాళ్లను పిలవడం మరచింది. విజయంలోనే ఈ వెలితి గూడా వుంది.

‘బలగం’ దగ్గరికి వస్తే పరిస్థితి మరింత ఆసక్తికరంగా వుంటుంది. ఈ ఒక్క చిత్రంలోనే రెండు రకాల పాటలున్నాయి. ఒకటి ఊరిని కీర్తించే పాట. పల్లె పొద్దుపొడుపునూ, పలకరింపులనూ, ఇంటింటి వరుసలనూ కాసర్ల శ్యామ్ మన మాటల్లో, మన యాసలో పొదిగాడు. 2025 ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో ఈ పాటకే ఉత్తమ గీతరచయిత బహుమతి వచ్చింది. ఒకప్పుడు తెలుగు సినిమాలో తెలంగాణ మాట నవ్వించడానికో, రౌడీ నోట పలికించడానికో మాత్రమే పనికివచ్చేది. ఆ మాట ఇవాళ కవిత్వంగా చలామణి కావడం వెనుక రాష్ట్రోద్యమం వుంది, ధూంధాం వేదికలున్నాయి, వేలమంది పేరులేని గాయకుల గొంతులున్నాయి. దీన్ని గుర్తించకుండా ఈ పాటను మెచ్చుకోవడం అసంపూర్ణం.

కాని ఆ పాట ఊరిని తల్లితో పోల్చింది. పోలిక మధురమైందే. తల్లికి బిడ్డలందరూ ఒకటే; ఊరికి అందరూ ఒకటేనా? ఊరి నడుమ ఇల్లున్నవాడికి ఊరు తల్లి కావచ్చు. ఊరి చివర వాడలో పుట్టినవాడికి, బావి దగ్గర బిందె దూరంగా పెట్టుకొని నిలబడ్డ ఆడమనిషికి, అప్పు తీర్చలేక ముంబైకో దుబాయికో పోయినవాడికి ఆ ఊరు ఏమవుతుంది? పాట ఆ ప్రశ్న వేయదు. ఊరు విడిచి పట్నంలో స్థిరపడ్డవారి బెంగకు ఆ పాట చక్కగా సరిపోతుంది. అందుకే అంత పేరు వచ్చిందేమో గూడా. బెంగ నిజమైన అనుభూతే. కాని అది ఊరిని దూరంనుంచి చూసేవాడి అనుభూతి.

ఆ చిత్రం చివర వచ్చే పాట ఇందుకు పూర్తిగా భిన్నం. చనిపోయిన ముసలాయన పిండాన్ని కాకి ముట్టదు. పెద్దకర్మ నాడు కథ చెప్పే దంపతులు వచ్చి, పోయిన మనిషి బతుకును పాడతారు. ఎదుట కూర్చున్న కొడుకులనూ బిడ్డనూ ఒక్కొక్కరినే పేరు పేరునా నిలదీస్తారు. చచ్చిన మనిషి గుణగణాలను ఇంటివారి నోటనే తెలుసుకొని, దాన్నే పాటకట్టి వారికే వినిపించడం కథ చెప్పుకొని బతికే బుడగ జంగాల పాత సంప్రదాయం. ఈ పాటకు ఎదుట మనిషి కావాలి. వాడు ఏడవాలి, తల దించుకోవాలి, అవునని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే దీనికి వంత. మొగిలయ్య ఎత్తితే కొమురమ్మ అందుకుంటుంది. కొమురమ్మ ఆపినచోట ఇల్లంతా అందుకుంటుంది. వీధిలో తెరకట్టి చూసిన ఊళ్లలో విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ మాట కలిపారన్న వార్తలు ఆ వేసవిలో పత్రికల్లో వచ్చాయంటే, అది సినిమా గొప్పతనం ఎంతో, ఈ రూపం గొప్పతనం గూడా అంతే. వందల ఏళ్లుగా కులవృత్తిగా, బిచ్చపు విద్యగా మనం చిన్నచూపు చూసిన కళ చేసిన పని అది.

ఇప్పుడు ఆ కళాకారుడి బతుకు సంగతి. జనం మొగిలయ్య పాటకు కన్నీరు పెట్టుకుంటున్న వేసవిలోనే ఆయన మూత్రపిండాలు చెడి, చూపు మందగించి, డయాలసిస్ మీద ఆధారపడి వున్నాడు. సంగతి బయటికి వచ్చాక ప్రభుత్వం వైద్యానికి ముందుకు వచ్చింది. సినిమారంగంలోని కొందరూ సాయం చేశారు. 2024 డిసెంబరు 19న ఆయన మరణించాడు. ఇందులో ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. చేసినవారు మంచిపనే చేశారు. కాని దయ వేరు, హక్కు వేరు. సినిమాలో ఆ ఒక్క పాట పాడివుండకపోతే ఆయన జబ్బు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అదే విద్యతో, అదే జబ్బుతో, ఏ కెమెరాకూ కనబడకుండా పోతున్న వారి మాటేమిటి? పాట చేరినంత దూరం పాడినవాడి హక్కు చేరకపోవడమే ఈ యుగపు సమస్య.

హక్కు మాట వచ్చింది గనుక చట్టాన్ని చూద్దాం. 2012లో మన కాపీహక్కు చట్టాన్ని సవరించారు. ఆ సవరణ వల్ల సినిమా పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ ఆ పాట మీద వచ్చే రాయల్టీలో వాటా వదులుకోరాని హక్కయింది. పాడేవారికి గూడా రాయల్టీ హక్కు గుర్తించారు. ఎంతోకాలం కవులూ గాయకులూ అడిగి సాధించుకున్నది అది. కాని జానపదం దగ్గరికి వచ్చేసరికి చట్టానికి యజమాని కనబడడు. ఒకరి పేరుమీద లేని బాణీ అందరిదీ అంటుంది. అందరిదీ అన్నది చివరకు ఎవరి చేతిలో రికార్డింగు యంత్రం వుంటే వారిదవుతుంది. 2021లో ఒక చిత్రంలో వచ్చిన ‘సారంగ దరియా’ పాట విషయంలో, దాన్ని పల్లెనుంచి సేకరించి ముందే పాడిన గాయని పేరు చెప్పాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. ఆ చర్చ ఒక పాటతో తీరేది కాదు. ఊరి చెరువు అందరిదీ అయినంత మాత్రాన ఒక్కడే మోటారు పెట్టి తోడుకుపోతే ఊరుకుంటామా?

ఈ విషయంలో అమెరికా నుంచి ఒక ఉదాహరణ వుంది. ‘వి షల్ ఓవర్‌కమ్’ అనే పాట నల్లజాతి ప్రార్థనాగీతాల్లో పుట్టింది. 1945–46 లో దక్షిణ కరోలినాలో పొగాకు ఫ్యాక్టరీ సమ్మె చేసిన కార్మికులు, అందులోనూ నల్లజాతి స్త్రీలు, దాన్ని సమ్మెపాట చేశారు. వారినుంచి అది హైలాండర్ అనే కార్మిక శిక్షణాలయానికి, అక్కడినుంచి పీట్ సీగర్ వంటి గాయకులకు చేరింది. 1960ల్లో సీగర్ బృందం దానికి కాపీహక్కు నమోదు చేసినా, వచ్చిన రాయల్టీని తాము తీసుకోక, హైలాండర్ ద్వారా దక్షిణాదిలోని నల్లజాతి సాంస్కృతిక కృషికి నిధిగా మళ్లించారు. 2018లో కోర్టు వ్యవహారం తరువాత ఆ పాట ప్రజల సొత్తయింది. పాట అందరిదీ అయినప్పుడు దానిమీది సంపాదన పుట్టినచోటికి తిరిగి పోవాలన్న నియమం ఇక్కడ వుంది. మనకు అటువంటి నియమం ఒకటి కావాలి.

ఇక గద్దర్. వంతను ఒక మహాసభ స్థాయికి తీసుకుపోయిన గాయకుడు తెలుగులో ఆయన ఒక్కడేనని చెప్పడానికి సంకోచం అక్కరలేదు. భుజాన గొంగడి, చేత కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన వంతగాళ్లు. ఒక చరణం పాడి ఆపి, జనంతో మాట్లాడి, వారు నవ్వాక మళ్లీ ఎత్తుకునేవాడు. ఆయన ఆగినచోట లక్షమంది పల్లవిని పూర్తిచేసేవారు. 1997లో ఆయన మీద తుపాకీ కాల్పులు జరిగాయి. ఒంట్లో మిగిలిన తూటాతోనే పాతికేళ్లకు పైగా పాడాడు. ఆయన రాజకీయ మలుపులను ఒప్పుకోనివారున్నారు. అజ్ఞాతంనుంచి ఎన్నికల దాకా సాగిన ఆ ప్రయాణాన్ని చరిత్రకారులు నిదానంగా తూకం వేయాలి. పాట విషయంలో మాత్రం ఒక సంగతి తేలిపోయింది. ఆయన పాటను వినడానికి వచ్చినవారు పాడేవారై తిరిగి వెళ్లారు. సాయిచంద్ తరంవారు ఆ విధంగానే తయారయ్యారు. ఆ ఏడాది ఐదు వారాల తేడాతో తండ్రి తరాన్నీ బిడ్డ తరాన్నీ పోగొట్టుకున్నామంటే, పోయింది ఇద్దరు గాయకులే గాదు. పాటను తరంనుంచి తరానికి చేతికిచ్చే ఒక పద్ధతి దెబ్బతిన్నది.

ఒక సినిమాకు రాసిన పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని తిరస్కరించిన మనిషి గద్దర్. ప్రభుత్వ లాంఛనాలతో ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. తరువాత సినిమా పురస్కారాలకే ఆయన పేరు పెట్టారు. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చిన ఆ పురస్కారాల్లో 2023కు ఉత్తమ చిత్రంగా ‘బలగం’ నిలిచింది. దీన్ని కొందరు వ్యంగ్యంగా చూస్తారు. నేను అట్లా చూడను. ప్రజల గాయకుడి పేరు ప్రభుత్వం తలచక తప్పలేదంటే అది ప్రజల గెలుపే. కాని బహుమతికి పేరు పెట్టడం సులువు. ఆయన పాట అడిగిన భూమి, కూలి, మానం అనే మాటలకు జవాబు చెప్పడం కష్టం.

2023 నవంబరులో వినబడిన ఎన్నికల పాటల్ని ఈ వెలుగులోనే చూడాలి. అన్ని పార్టీలూ గద్దర్ బాణీలనూ, ఉయ్యాల పాటలనూ, డప్పు దరువులనూ వాడుకున్నాయి. వరస ఒకటే, జెండా రంగు వేరు. కష్టజీవి తన నాయకుణ్ణి ప్రశ్నించడానికి కట్టుకున్న వరసలో నాయకుణ్ణి పొగడడమే చూశాం. వంత అనే మాటకు తిట్టర్థం ఎందుకు వచ్చిందో ఆ నెల రోజులు ఉదయం నుంచి రాత్రి దాకా ప్రచారపు బండ్ల మీద మైకులు బోధించాయి.

పల్లెలో వంత ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు టీవీ అనో, ఫోను అనో జవాబు చెప్పి ఊరుకోవడం చాలదు. మా విద్యార్థులను ఇంట్లో పెద్దవారు పాడే ఒక పాట రాసుకొని రమ్మని అడుగుతుంటాను. సగంమంది యూట్యూబులో వున్న పాటనే తెస్తారు. ఒక అమ్మాయి మాత్రం నాయనమ్మ పాడిన నాట్ల పాట తెచ్చింది. ఆ పాట ఇప్పుడు ఎందుకు పాడరని అడిగితే ఆ ముసలామె చెప్పిన జవాబు ఏ పరిశోధన గ్రంథానికీ తీసిపోదు: దినకూలికి నాటేటప్పుడు పాట వుండేది, ఎకరానికి ఇంత అని గుత్తకు నాటేటప్పుడు ఊపిరే వుండదు. గుత్తలు వచ్చాయి, బీహారునుంచీ బెంగాలునుంచీ కూలీల జట్లు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. పని రూపం మారింది, దానితో పాట రూపం మారింది. నాటు అనే మాటకు మోటు అన్న అర్థమే లోకమంతా తెలిసింది. వరి మొలకను బురదలో దిగేసే ఆ మరో నాటు, దాని వెంట వచ్చే ఆడవాళ్ల పాట, లోకానికి తెలియకుండానే తగ్గిపోతున్నది.

బతుకమ్మను చూసినా ఇదే కనబడుతుంది. ఎంగిలిపూల నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వేలమంది ఆడవాళ్లు చేరతారు. 2023 అక్టోబరులో గూడా చేరారు. పూలు అవే, చప్పట్లు అవే. కాని చాలాచోట్ల పాట పెట్టెలోనుంచి వస్తున్నది. డీజే మోతలో ఒకామె ఎత్తిన ఉయ్యాల పక్కనున్నామెకే వినబడదు. పెట్టెలోని పాటకు అలుపు లేదు, ఆగడం లేదు; అత్త మీదనో, దొర మీదనో కొత్త చరణం కలపడానికి అందులో సందు లేదు. పాడే ఆడది ఆడే ఆడదయింది.

అయితే యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ఆ యూట్యూబే లేకపోతే అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లి వంటి గాయనులకు, ఇంకా వందలాది పల్లె యువతీయువకులకు తెలుగు పాటలో ఇంత చోటు దొరికేది కాదు. ఏ సంగీత దర్శకుడి గుమ్మం ముందూ నిలబడకుండా పాడుకొనే స్వేచ్ఛ వారికి వచ్చింది. ఇది నిజమైన ముందడుగు. ఆ అడుగు ఎవరి లాభానికి పోతున్నదన్నదే ప్రశ్న. ఎక్కువమంది చూస్తే ఎక్కువ డబ్బు. ఎక్కువమంది చూడాలంటే నిన్న ఆడిన వరసే మళ్లీ. అందుకే ఎన్నో పాటల్లో బావా మరదళ్ల సరసమే తిరిగి తిరిగి వస్తున్నది గాని, గుత్త నాటును గురించిన పాట రావడం లేదు.

వంత బతికివుంటే పాట ఏం చేయగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడికి పోకుండా పశువులు కాచి, తాపీపని చేసిన అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ రాశాడు. ఏ ప్రభుత్వమూ చెప్పకముందే జనం దాన్ని సభల్లో, బడుల్లో తమ గీతం చేసుకున్నారు. 2024 జూన్‌లో ప్రభుత్వం దాన్ని రాష్ట్రగీతంగా ప్రకటించినప్పుడు కీరవాణి కొత్త బాణీ కడితే అది చర్చకు వచ్చింది. ఎందుకు? అప్పటికే జనం నోట ఒక బాణీ స్థిరపడింది గనుక. పాట మీద జనానికి అంత పట్టుదల వుండడం ఆరోగ్యం. 2025 నవంబరులో అందెశ్రీ వెళ్లిపోయాడు. ఆ పాటకు వంత పాడేవారు మాత్రం కోట్లమంది మిగిలారు.

కాబట్టి 2023ను నేను విజయాల ఏడుగా ఒప్పుకుంటాను, కాని ఆ లెక్క ఇంకా ముగియలేదు. మన మాట గెలిచింది, మన వరస గెలిచింది. పాడే మనిషి గెలవలేదు. ఇందుకు చేయదగిన పనులు కొన్ని వున్నాయి. సినిమాలోగాని యూట్యూబులోగాని జానపద వరస వాడుకున్నప్పుడు అది ఏ ఊళ్లో, ఎవరి నోట దొరికిందో పేరుతో చెప్పడం నియమం కావాలి. ఆ సంపాదనలో ఒక భాగం ఆ కళాకారుల వైద్యానికి, వృద్ధాప్యానికి నిధిగా చేరాలి; అది దానంగా కాక హక్కుగా వుండాలి. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద, గిరిజన విజ్ఞానపీఠం వరంగల్లులోనే వుంది. మా కళాశాలల తెలుగు శాఖలు దానితో కలిసి, పాట సాహిత్యాన్నే గాక పాడినవారి పేరును, వృత్తిని, పాడిన సందర్భాన్ని గూడా నమోదు చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పాటను గురించి రాసే మనం బహుమతుల పట్టిక పక్కన ఇంకొక పట్టిక పెట్టుకోవాలి: ఈ ఏడాది కొత్తగా ఎందరు పాట కట్టారు, ఎందరు అందుకున్నారు, ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు.

దుగ్గొండిలో ఒక గొంతు ఆగిపోయింది. మొగిలయ్య ఎత్తితే అందుకునే కొమురమ్మ ఇప్పుడు పాట ఎత్తితే అందుకునేదెవరన్నదే 2023 మన ముందు పెట్టిపోయిన ప్రశ్న. దానికి జవాబు ఆస్కార్ వేదిక చెప్పలేదు. మన ఊళ్లు, మన బడులు చెప్పాలి.